ఫ్లాట్ బాగుంది... మరి లిఫ్టు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పట్నాల్లో ఇప్పుడు స్థలం కొని ఇల్లు కట్టే ఓపిక, స్తోమత అందరికీ ఉండటం లేదు. కట్టిన ఫ్లాట్ కొనుక్కుని గృహప్రవేశం చేసుకోవడమే తేలిక. అలాగని ఫ్లాట్ కొనేవాళ్లు ఏమీ చూసుకోకుండా కొంటున్నారా అంటే అదీ కాదు. గుమ్మం తూర్పుకా ఉత్తరానికా, వంటగది ఆగ్నేయంలో ఉందా లేదా, మంజీరా నీళ్లొస్తాయా బోరు మీదే ఆధారమా, కారు పెట్టుకోవడానికి చోటుందా, స్థలంలో వాటా ఎన్ని గజాలు, బ్యాంకు రుణం వస్తుందా... అన్నీ అడుగుతారు. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తారు. వాస్తు కోసం పంతులుగారిని వెంటబెట్టుకుని మరీ వస్తారు.

అంతమందీ కలిసి ఐదో అంతస్తుకు చేరేది మాత్రం లిఫ్టులో. ఆ లిఫ్టు గురించి ఎవరైనా ఒక్క ప్రశ్న అడుగుతారా? అడగరు. ఎక్కారు, అది పైకి తీసుకెళ్లింది. పనిచేస్తోందన్నమాట. అంతటితో దాని సంగతి అయిపోయింది.

ఆ ఒక్కరోజు పనిచేస్తే సరిపోతుందా? ఓ చిన్న లెక్క వేసి చూద్దాం. 20 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో ఇంటికి నలుగురు చొప్పున 80 మంది. ఒక్కొక్కరు రోజుకు రెండుసార్లు దిగి రెండుసార్లు ఎక్కినా 320 ప్రయాణాలు. ఏడాదికి లక్ష దాటిపోతాయి. పాలబ్బాయి, పేపరబ్బాయి, గ్యాస్ బండ తెచ్చేవాళ్లు, పనమ్మాయిలు, చుట్టపక్కాలు ఈ లెక్కలో లేరు. ఆ భవనంలో ఇంతలా అరిగిపోయే యంత్రం మరొకటి ఉండదు. రాళ్లూ సిమెంటూ పదేళ్లయినా కదలకుండా ఉంటాయి. లిఫ్టు మాత్రం రోజూ పొద్దున్నించి రాత్రిదాకా తిరుగుతూనే ఉంటుంది.

మెట్లెక్కేదెవరు?

లిఫ్టు ఆగిపోతే ఏమవుతుందిలే, రెండ్రోజులు మెట్లెక్కుతాం అనే మాట పాతికేళ్ల కుర్రాడి నోట బాగుంటుంది. ఒక్కో అంతస్తుకు పదడుగుల ఎత్తు, మెట్టుకు ఆరంగుళాలు అనుకుంటే అంతస్తుకు 20 మెట్లు. కింద పార్కింగు, పైన ఐదంతస్తులున్న భవనంలో చివరి అంతస్తుకు వంద మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి, గుండెకు స్టెంటు వేయించుకున్న నాన్నగారికి, నెలలు నిండిన కూతురికి ఆ వంద మెట్లు ఎక్కడమంటే మాటలు కాదు. లిఫ్టు తరచూ మొరాయించే చోట పెద్దవాళ్లు చేసే మొదటి పని కిందికి దిగడం మానేయడం. గుడికి వెళ్లరు, సాయంత్రం నడకకు వెళ్లరు, పక్కింటివాళ్లతో కబుర్లు ఉండవు. సొంతిల్లు కొనిచ్చామని పిల్లలు సంబరపడతారు. పైనున్న పెద్దాయనకు బాల్కనీ తప్ప మరో లోకం ఉండదు.

ఇది ఇబ్బంది ఒక్కటే కాదు, ప్రాణాలతోనూ ముడిపడిన విషయం. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్ ప్రాంతంలోని ఓ అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్ల పిల్లవాడు లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుపోయాడు. సిబ్బంది బయటికి తీసి ఆసుపత్రిలో చేర్చినా మర్నాటికి ప్రాణం దక్కలేదు. ఆ మరుసటి నెలలోనే సిరిసిల్లలో లిఫ్టు రాకముందే తలుపు తీసి లోపలికి అడుగుపెట్టిన ఓ పోలీసు అధికారి కిందపడి చనిపోయారు. ఈ రెండుచోట్లా తాళ్లు తెగి లిఫ్టు కింద పడలేదన్నది గుర్తుంచుకోవాలి.

భయం ఒకచోట... ప్రమాదం మరోచోట

లిఫ్టు అనగానే అందరికీ ఉండే భయం తాడు తెగుతుందేమోనని. నిజానికి లిఫ్టు ఒక్క తాడు మీద వేలాడదు. ఉక్కు తీగలతో పేనిన తాళ్లు చాలానే ఉంటాయి. ఒకవైపు మనుషులెక్కే డబ్బా, మరోవైపు దానికి సరితూగేలా ఇనుప దిమ్మెలు. నూతిలో గిలక మీద రెండు చేదలు పైకీ కిందికీ ఆడినట్టు ఇవి రెండూ ఆడుతుంటాయి. ఖాళీ లిఫ్టు బరువుకు, అది మోయగల బరువులో దాదాపు సగం కలిపి ఆ దిమ్మెలు పెడతారు. అందుకే మోటారు మీద భారం తగ్గుతుంది. లిఫ్టు మితిమీరిన వేగంతో జారితే ఓవర్‌స్పీడ్ గవర్నర్ అనే పరికరం గుర్తించి, పట్టాలను గట్టిగా బిగించే పట్టీలను పనిచేయిస్తుంది. 1854లో న్యూయార్క్‌లో ఎలిషా ఓటిస్ జనం ముందు తాను నిలబడ్డ లిఫ్టు తాడును కోయించి, అది పడిపోదని చూపించాడు. ఇప్పటి పద్ధతులకు మూలం ఆ ఏర్పాటే. ఇవన్నీ ఉన్నా నూనె, శుభ్రం, సర్దుబాటు లేకపోతే పనిచేయాల్సిన వేళకు పనిచేయవు.

తరచూ ఇబ్బంది పెట్టేవి, ఎక్కువ ప్రమాదాలకు దారితీసేవి తలుపులు. లిఫ్టు ఆ అంతస్తులో లేనప్పుడు బయటి తలుపు తెరుచుకోకూడదు. తలుపు పూర్తిగా మూసుకోకుండా లిఫ్టు కదలకూడదు. ఈ రెండు పనులనూ తలుపు తాళాలు చూసుకుంటాయి. వాటి కాంటాక్టులు అరిగిపోతే లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతుంది. అప్పుడు కొత్త భాగం వేయడానికి డబ్బులు పెట్టకుండా, వైరు కలిపేసి 'ప్రస్తుతానికి నడిపించేద్దాం' అన్నారంటే ఇక ఆ లిఫ్టుకు రక్షణ లేనట్టే. ఎక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు. పైగా మునుపటికన్నా బాగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది!

కొనేవాళ్లు గ్రహించాల్సింది ఇదే. లిఫ్టు ఆరోగ్యం ఎక్కి చూస్తే సగమే తెలుస్తుంది. దాన్ని ఎవరు చూసుకుంటున్నారు, ఎలా చూసుకుంటున్నారు, డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది... మిగతా సగం అక్కడుంది.

రెండుసార్లు వెళ్లాలి

ఫ్లాట్ చూపించే ఏజెంటు ఎప్పుడూ పదకొండు గంటలకో మధ్యాహ్నం మూడింటికో రమ్మంటాడు. అప్పుడు లిఫ్టు ఖాళీగా ఉంటుంది. ఏజెంటు లేకుండా ఇంకోసారి, పొద్దున ఎనిమిది గంటల వేళ వెళ్లాలి. స్కూలు బస్సులు, ఆఫీసులు, పనమ్మాయిలు... అందరూ ఒకేసారి బటన్ నొక్కే సమయమది. ఐదో అంతస్తులో నిలబడి బటన్ నొక్కి వాచీ చూసుకుంటే ఎంతసేపటికి వస్తుందో తెలిసిపోతుంది. రెండు లిఫ్టులున్న చోట రెండూ నడుస్తున్నాయా, కరెంటు బిల్లు కలిసొస్తుందని ఒకటి ఆపేశారా అన్నదీ అప్పుడే బయటపడుతుంది.

లిఫ్టు ఎక్కాక కబుర్లు ఆపి నాలుగు విషయాలు గమనించాలి. ఆగినప్పుడు లిఫ్టు నేల, అంతస్తు నేల ఒకే మట్టంలో ఉన్నాయా? అంగుళం తేడా ఉన్నా పెద్దవాళ్ల కాలు తట్టుకుంటుంది. ప్రతి అంతస్తులోనూ ఆపి చూడాలి. కొన్నిచోట్ల మూడింట బాగా ఆగి నాలుగో అంతస్తులో తేడా వస్తుంది. బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు కుదుపు ఉందా? ఇనుము ఇనుమును రాసుకున్న చప్పుడు వస్తోందా? ఫ్యాను, లైటు, అలారం, బయటికి మాట్లాడే ఇంటర్‌కమ్ పనిచేస్తున్నాయా? వాచ్‌మన్‌కు ముందే చెప్పి అలారం నొక్కితే, కింద ఎవరైనా విని స్పందిస్తున్నారో లేదో కూడా తేలుతుంది. మోగే అలారం ఉండి వినేవాళ్లు లేకపోతే ఏం లాభం?

తనంతట తాను మూసుకునే తలుపులైతే, మధ్యలో మనిషి ఉంటే వెంటనే వెనక్కి తెరుచుకోవాలి. చెయ్యి పెట్టి పరీక్షించొద్దు. మడిచిన దినపత్రిక అడ్డం పెడితే చాలు. పాత అపార్ట్‌మెంట్లలో ఇనుప జాలీ గేట్లుంటాయి. వాటిలో గేటు కొంచెం తీసి ఉన్నా లిఫ్టు కదులుతోందంటే అది ప్రమాద సూచిక. బయట చెక్క తలుపు, లోపల జాలీ గేటు ఉన్నచోట ఆ రెంటి మధ్య ఎంత ఖాళీ ఉందో చూడాలి. చిన్నపిల్లలు నిలబడేంత సందు ఉంటే, పిల్లలున్న ఇంటివాళ్లు ఆ ఫ్లాట్ గురించి మరోసారి ఆలోచించాలి. బయటి తలుపును గట్టిగా లాగి చూడటం, చీకట్లోకి తొంగి చూడటం లాంటి పనులు కొనేవాళ్లు చేయకూడదు. మెకానిక్ ఉన్నప్పుడు అతణ్నే చూపించమనాలి.

లోపల అంటించిన రేకు మీద ఎంతమంది, ఎన్ని కిలోలు అని రాసి ఉంటుంది. చాలాకాలంగా మనిషికి 68 కిలోల చొప్పున లెక్కగట్టేవారు. నలుగురికి 272, ఆరుగురికి 408, ఎనిమిది మందికి 544 కిలోలు. బరువు మించితే కదలకుండా చప్పుడు చేసే ఏర్పాటు ఉందా అని అడగాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే జేబులో టేపు పెట్టుకెళ్లి తలుపు వెడల్పు కొలవడం మంచిది. సాధారణ చక్రాల కుర్చీ వెడల్పు 65 సెంటీమీటర్లు అటూఇటూగా ఉంటుంది. నలుగురు పట్టే చిన్న లిఫ్టులో స్ట్రెచర్ పట్టే ప్రశ్నే లేదు. రోగిని ఐదంతస్తులు కుర్చీలో కూర్చోబెట్టి దించాల్సిందే. ఎత్తయిన టవర్లలో అయితే స్ట్రెచర్ పట్టే పెద్ద లిఫ్టు ఒకటైనా ఉందా అన్నది తప్పక చూసుకోవాలి.

కరెంటు పోతే ఏంటన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. జనరేటర్ ఉన్నచోట అది లిఫ్టుకు కూడా ఇచ్చారా, కారిడార్ లైట్లకేనా? ఏఆర్‌డీ అని ఒక బ్యాటరీ పరికరం ఉంటుంది. కరెంటు పోగానే అది లిఫ్టును దగ్గర్లోని అంతస్తుకు చేర్చి తలుపు తెరుస్తుంది. పరికరం ఉండటం వేరు, దాని బ్యాటరీ బతికి ఉండటం వేరు. మెకానిక్ వచ్చిన రోజున అతని చేత మెయిన్ ఆఫ్ చేయించి చూడటమే అసలు పరీక్ష.

పైన గది... కింద గొయ్యి

లిఫ్టుకు మనకు కనిపించని చోట్లు రెండున్నాయి. ఒకటి టెర్రస్ మీది మోటారు గది, రెండోది అడుగున ఉండే గొయ్యి. కొత్తరకం లిఫ్టుల్లో పైగది ఉండదు, మోటారు పైభాగంలోనే బిగించేస్తారు. గది ఉన్నచోట కార్యదర్శినో మెకానిక్‌నో అడిగి గుమ్మంలోంచి ఒక్కసారి చూస్తే చాలా తెలుస్తుంది. తాళం ఉందా? పాత కుర్చీలు, రంగు డబ్బాలు, వినాయకచవితి పందిరి కర్రలు అక్కడే పడేశారా? గాలి ఆడుతోందా, ఎండాకాలం లోపల ఉక్కిరిబిక్కిరి చేసే వేడి ఉంటుందా? వానకు పైకప్పు కారిన మరకలున్నాయా? ఎలక్ట్రానిక్ కార్డులకు వేడి, తేమ రెండూ శత్రువులే.

కింది గొయ్యికి నీళ్లు శత్రువు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఎన్నో సెల్లార్లు నిండిపోయిన సంగతి తెలిసిందే. లిఫ్టు గొయ్యి సెల్లారు కంటే ఇంకా లోతున ఉంటుంది. అక్కడ నిలిచిన నీరు అడుగున ఉండే బఫర్లను, పట్టాలను, స్విచ్చులను తుప్పు పట్టిస్తుంది. చెరువు పక్కన, లోతట్టు కాలనీల్లో కొనేవాళ్లు వానాకాలంలో ఓసారి వెళ్లి చూడాలి. ఇందుకు వాచ్‌మన్‌ను మించిన సాక్షి లేడు.

'ఏం బాబూ, వానొస్తే లిఫ్టులోకి నీళ్లొస్తాయా?' అని అడిగితే, 'పెద్దగా ఏం రావమ్మా, మోటారు పెట్టి రెండ్రోజుల్లో తోడేస్తాం' అని అమాయకంగా చెప్పేస్తాడు. ఆ 'రెండ్రోజులు' అన్న మాటలోనే జవాబు ఉంది.

చిన్న పుస్తకం... పెద్ద సాక్ష్యం

సర్వీసుకు వచ్చిన మెకానిక్ ప్రతిసారీ ఏం చేశాడో రాసి సంతకం చేసే లాగ్‌బుక్ ఉంటుంది. పాత ఫ్లాట్ కొనేవాళ్లు కార్యదర్శిని అడిగి గత ఏడాది పుటలు చూడాలి. నెలనెలా సర్వీసు జరిగిందా? మధ్యలో ఎన్నిసార్లు ఆగిపోయింది? ఫిర్యాదు చేసిన ఎంతసేపటికి మనిషి వచ్చాడు? ఇవన్నీ అందులో దొరుకుతాయి.

దాన్ని చదవడంలో ఓ చిన్న మెలకువ ఉంది. ఏడాదిలో నాలుగు వేర్వేరు రిపేర్లు జరిగితే కంగారు పడాల్సిన పనిలేదు. యంత్రమన్నాక రిపేర్లు సహజం. అదే 'డోర్ అడ్జస్ట్ చేశాం' అన్న మాట ఆరుసార్లు కనిపిస్తే అనుమానించాలి. రోలరో, తాళమో మార్చాల్సిన అవసరం ఉంది, అసోసియేషన్ డబ్బులు పెట్టడం లేదు, మెకానిక్ ఎప్పటికప్పుడు సర్దిపోతున్నాడు అని దాని అర్థం. అలాగే పన్నెండు నెలలూ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, 'ఓకే' అని మాత్రమే రాసిన పుస్తకాన్నీ నమ్మలేం. ఒక్కపూట కూర్చుని నింపేసినట్టుంటుంది. పుస్తకమే లేదంటే ఇక చెప్పేదేముంది!

తర్వాత చూడాల్సింది ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. కాంప్రహెన్సివ్ అయితే విడిభాగాలు కూడా కంపెనీవే. రెండోదానిలో నెలకోసారి వచ్చి శుభ్రం చేసి, నూనె వేసి వెళ్లడం వరకే. ఏది పాడైనా ఖర్చు అసోసియేషన్‌దే. మొదటి రకంలో కూడా 'వీటికి వర్తించదు' అని ఓ జాబితా ఉంటుంది. బ్యాటరీలు, నీళ్ల వల్ల జరిగిన నష్టం, కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోయిన కార్డులు లాంటివి అందులో ఉన్నాయేమో చూడాలి. ఒప్పందం గడువు ఎప్పటిదాకా ఉందో చూడటం మరిచిపోవద్దు. గడువు తీరి ఎనిమిది నెలలైనా 'మన కుర్రాడే, పిలిస్తే వస్తాడు' అని నెట్టుకొచ్చే అపార్ట్‌మెంట్లు లేకపోలేదు.

తయారుచేసిన కంపెనీయే చూసుకుంటోందా, బయటివాళ్లా అన్నది కూడా అడగాలి. బయటివాళ్లయినంత మాత్రాన పనికిరారని కాదు. అనుభవం ఉన్నవాళ్లు తక్కువ ఖర్చుతో బాగానే చూస్తారు. కాకపోతే కొన్ని కంపెనీల కంట్రోలర్లను వాళ్ల సొంత పరికరంతో తప్ప తెరవలేం. అలాంటి లిఫ్టును బయటివాళ్లకు అప్పగిస్తే పెద్ద లోపం వచ్చినప్పుడు చేతులెత్తేస్తారు. ఇక ఏ పేరూ లేకుండా, ఒకచోట మోటారు, మరోచోట కంట్రోలర్, ఇంకోచోట తలుపులు తెచ్చి కూర్చిన లిఫ్టులుంటాయి. వాటిని బిగించినవాడు ఇంకా ఊళ్లో ఉన్నాడా, విడిభాగాలు దొరుకుతున్నాయా అన్నదే అక్కడ అసలు ప్రశ్న.

డబ్బు సంచి ఎవరి దగ్గర?

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు అలాంటి ఉమ్మడి గొడ్డే. 'మేం మొదటి అంతస్తువాళ్లం, లిఫ్టు వాడం, డబ్బులెందుకివ్వాలి?' అని ఒకరంటారు. 'నా ఫ్లాట్ అద్దెకిచ్చాను, అద్దెకున్నవాళ్లను అడగండి' అని ఇంకొకరు. ఈ తగువు తేలేలోగా లిఫ్టు ఆగిపోతుంది. కొనేముందు ఈ తగువు ఆ భవనంలో ఉందా, ఎలా తేల్చుకున్నారు అని అడిగి తెలుసుకోవాలి. వీలైతే గత ఒకట్రెండు సమావేశాల మినిట్స్ చూడాలి. లిఫ్టు విషయం ప్రతిసారీ చర్చకొచ్చి, ప్రతిసారీ వాయిదా పడుతోందంటే కథ అర్థమైనట్టే.

లిఫ్టు వయసు కూడా తెలుసుకోవాలి. ఇరవై ఏళ్లు దాటిన లిఫ్టుకు పెద్ద ఖర్చు ఎప్పుడైనా రావచ్చు. తాళ్లు, కంట్రోలర్, తలుపులు అన్నీ మార్చాలంటే లక్షల్లో పని. ఉదాహరణకు పది లక్షల ఖర్చు వచ్చిందనుకుందాం. 20 ఫ్లాట్లుంటే తలా 50 వేలు. పది ఫ్లాట్లే ఉంటే తలా లక్ష. అందుకని నిధి ఎంతుంది, బ్యాంకులో ఉందా, ఎవరెవరు బకాయిలున్నారు అన్నది మొహమాటం లేకుండా అడగాలి. అమ్మేవాళ్లకు మెయింటెనెన్స్ బకాయి లేదని అసోసియేషన్ నుంచి కాగితం తీసుకోవాలి. లేదంటే పాతవాళ్ల బాకీ కోసం కొత్తవాళ్ల తలుపు కొడతారు.

కొత్తదైతే భయం లేదా?

కొత్త అపార్ట్‌మెంట్ అయితే లిఫ్టు కూడా కొత్తదే కదా అనుకుంటారు. అక్కడే ఉంది తిరకాసు. భవనం పూర్తికాకముందే లిఫ్టు బిగించి, టైల్సు, సిమెంటు బస్తాలు, ఇసుక, గ్రానైట్ పలకలు దాంట్లోనే పైకి చేరవేసే బిల్డర్లున్నారు. ఇసుక రేణువులు తలుపుల గాడిలో, పట్టాల మీద చేరి, ఇంకా ఒక్క కుటుంబమూ దిగకముందే లిఫ్టును ముసలిదాన్ని చేస్తాయి. గ్యారంటీ కూడా తాళాలు చేతికిచ్చిన రోజు నుంచి కాకుండా, లిఫ్టు నడవడం మొదలైన రోజు నుంచే లెక్కలోకి వచ్చేలా ఒప్పందం ఉండొచ్చు. అంటే గృహప్రవేశం నాటికే అది ముగిసిపోయి ఉండొచ్చన్నమాట. లిఫ్టు ఏ తేదీన మొదలైంది, గ్యారంటీ ఎప్పటివరకు అని రాతపూర్వకంగా అడగాలి.

బ్రోచర్‌లో 'ప్రముఖ కంపెనీ లిఫ్టు లేదా దానికి సమానమైనది' అని ఉంటుంది. ఆ 'సమానమైనది' దగ్గరే గొడవంతా. ఏ కంపెనీ, ఎన్ని లిఫ్టులు, ఎంతమంది పడతారు, ఏ రకం తలుపులు, ఏఆర్‌డీ ఉందా, జనరేటర్ కనెక్షన్ ఉందా అన్నవి అమ్మకం ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఈ విషయంలో 2016 నాటి రెరా చట్టం కొనేవాళ్లకు అండగా ఉంది. ఆ చట్టం ప్రకారం లిఫ్టులు ఉమ్మడి ఆస్తిలో భాగం. అసోసియేషన్‌కు అప్పగించేదాకా సహేతుకమైన రుసుముతో అత్యవసర సేవల నిర్వహణ బిల్డర్ బాధ్యత. ఫ్లాట్ స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణం, పనితనం, నాణ్యత, సేవల్లో లోపం ఉందని తెలియజేస్తే 30 రోజుల్లో అదనపు ఖర్చు లేకుండా సరిచేయాలి. ఫిర్యాదు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దాచుకోవాలి. అయితే 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టినవి, ఎనిమిది ఫ్లాట్లకు మించనివి లాంటి చిన్న ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. కాలనీ సందుల్లోని చిన్న అపార్ట్‌మెంట్లు కొనేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకుని, ఒప్పందంలో మరింత జాగ్రత్త పడాలి.

లిఫ్టుల నిబంధనలు అన్ని రాష్ట్రాల్లో ఒకేలా లేవు. కర్ణాటకలో 1974 నుంచి, తమిళనాడులో 1997 నుంచి ప్రత్యేక చట్టాలున్నాయి. మహారాష్ట్ర 2017లో కొత్త చట్టం చేసుకుంది. ఉత్తరప్రదేశ్ 2024లో చట్టం తెచ్చింది. ఉద్యోగాల కోసం బెంగళూరు, చెన్నై, ముంబయి వెళ్లి అక్కడ ఫ్లాట్లు కొంటున్న తెలుగువాళ్లు లిఫ్టు లైసెన్సు, తాజా తనిఖీ కాగితాలు అడిగి తీసుకోవాలి. ఎక్కడ కొన్నా సరే, అనుమానం ఉంటే ఆ అపార్ట్‌మెంట్‌తో సంబంధం లేని అనుభవజ్ఞుడైన లిఫ్టు ఇంజినీరుకు రుసుమిచ్చి చూపించుకోవడం మేలు. లక్షలు పోసి కొనే ఫ్లాట్‌కు ఆ ఖర్చు ఏపాటిది?

బాగాలేదని తేలితే?

లిఫ్టులో లోపాలున్నంత మాత్రాన ఫ్లాట్ వదులుకోవాలని లేదు. లోపం ఏమిటో, సరిచేయడానికి ఎంతవుతుందో తెలిస్తే బేరానికి అదే ఆధారం. రాబోయే ఖర్చులో తమ వాటా ఎంతో లెక్కగట్టి ధర తగ్గించమని అడగొచ్చు. అసోసియేషన్ ఇప్పటికే తీర్మానం చేసి, డబ్బులు వసూలు చేస్తుంటే నిశ్చింతగా ముందుకెళ్లొచ్చు. పాత లిఫ్టయినా పట్టించుకునే అసోసియేషన్ ఉన్నచోట కొనడమే, కొత్త లిఫ్టున్నా పట్టించుకునే నాథుడు లేనిచోట కొనడం కంటే నయం. అటూఇటూ తేలనప్పుడు, ఇంట్లో పెద్దవాళ్లుంటే రెండో అంతస్తుకు మించి వెళ్లకపోవడం తెలివైన పని. నలభై మెట్లు ఆగి ఆగి ఎక్కొచ్చు, వంద కష్టం.

తలుపుల తాళాల విషయంలో మాత్రం రాజీ పడకూడదు. తలుపు తెరిచి ఉండగా కదిలే లిఫ్టు, లిఫ్టు లేకుండా తెరుచుకునే తలుపు... ఈ రెండింటిలో ఏది కనిపించినా అది బాగయ్యాకే మిగతా మాటలు.

దిగాక కూడా కొన్ని అలవాట్లు చేసుకోవాలి. చిన్నపిల్లల్ని ఒంటరిగా లిఫ్టెక్కనివ్వకూడదు. తలుపు తెరుచుకోగానే ముందు నేల ఉందో లేదో చూసి అప్పుడు అడుగు వేయాలి. మధ్యలో ఆగిపోతే తలుపులు బలవంతంగా తీసి దూకొద్దు. లోపలికి గాలి ఆడే ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఊపిరాడదన్న భయం అక్కర్లేదు. అలారం నొక్కి, ఫోన్ చేసి, స్థిమితంగా నిలబడటమే క్షేమం. పైనుంచి చేత్తో లిఫ్టును దించే పని శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి.

అడ్వాన్సు ఇచ్చేముందు అడగాల్సినవి

* లిఫ్టు ఏ కంపెనీది, ఏ సంవత్సరంలో పెట్టారు?
* ఏఎంసీ ఎవరితో ఉంది? ఏ రకం? గడువు ఎప్పటిదాకా?
* గత పన్నెండు నెలల లాగ్‌బుక్ చూపిస్తారా?
* ఏడాదిలో ఎన్నిసార్లు ఆగిపోయింది? అన్నిటికన్నా ఎక్కువకాలం ఎన్నిరోజులు ఆగింది?
* తాళ్లు, తలుపు తాళాలు, బ్రేకు చివరిసారి ఎప్పుడు మార్చారు? బిల్లులున్నాయా?
* కరెంటు పోతే లిఫ్టుకు జనరేటర్ ఉందా? ఏఆర్‌డీ పనిచేస్తోందా?
* వానాకాలంలో గొయ్యిలో నీళ్లు చేరతాయా?
* రాత్రి రెండింటికి ఎవరైనా ఇరుక్కుంటే ఎవరికి ఫోన్ చేయాలి? ఎంతసేపటికి వస్తారు?
* అసోసియేషన్ నిధి ఎంత? లిఫ్టు ఖర్చు ఎలా పంచుకుంటారు? బకాయిలున్నాయా?
* కొత్త భవనమైతే లిఫ్టు మొదలైన తేదీ, గ్యారంటీ కాగితం, డ్రాయింగులు అసోసియేషన్‌కు ఇస్తారా?

వీటిలో ఏడెనిమిదింటికి తడుముకోకుండా జవాబు చెప్పే కార్యదర్శి ఉంటే ఆ అపార్ట్‌మెంట్ మంచి చేతుల్లో ఉన్నట్టే. 'లిఫ్టుకేం సార్, బ్రహ్మాండంగా ఉంది' అన్న ఒక్క మాటే అన్నిటికీ జవాబైతే ఇంకోసారి ఆలోచించుకోవాలి. ఫ్లాట్‌ను ఒక్కసారే కొంటారు. లిఫ్టును మాత్రం అందరూ కలిసి నెలనెలా కొనుక్కుంటూనే ఉండాలి.